మూత తీసి వాసన చూసే మనిషి

పుష్పావతి ఏ పనికి కూర్చోబోయినా ముందు తన రెండు చేతులూ ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకుంటుంది. వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, గాజుల కింద మణికట్టు, అన్నీ చూసుకుంటుంది. పిండి కలపబోయే ముందు చూసుకుంటుంది. మల్బరీ ఆకు కోయబోయే ముందు చూసుకుంటుంది. బస్సులో టిక్కెట్టుకు చెయ్యి చాపబోయే ముందు కూడా ఒకసారి చూసుకుంటుంది. కొత్తవాళ్ళకు అది దండం పెట్టుకున్నట్టు కనిపిస్తుంది, భక్తిగల మనిషి అనుకుంటారు. ఊళ్ళోవాళ్ళకు సంగతి తెలుసు కాబట్టి తల తిప్పుకుంటారు.

ఈ అలవాటు చిన్నప్పటి నుంచీ ఉన్నది కాదు. అసెంబ్లీ ఎన్నికల ఏడాది పట్టుకుంది.

గౌనిపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది నల్లరాళ్ళపల్లి. ఊరంతా కలిపి రెండే వీధులు. మీది వీధివాళ్ళు తాతల కాలం నుంచి రాగి, మామిడి, పట్టుపురుగులు చూసుకుంటూ ఊరు కదలనివాళ్ళు. కింది వీధివాళ్ళూ ఈ మట్టిలో పుట్టినవాళ్ళే. కాకపోతే వాళ్ళ ముందరివాళ్ళు కోలారు బంగారు గనుల్లో పనికి వెళ్ళి, గనుల పక్కనే కోరమండల్ కూలీ లైన్లలో కాపురాలు పెట్టి, అక్కడే పిల్లల్ని కని, గనులు మూతబడ్డాక ట్రంకు పెట్టెలతో తిరిగి వచ్చారు. వాళ్ళు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంకా వాళ్ళు ‘మైన్సోళ్ళే’. మాటల మధ్య అరవం దొర్లుతుంది, కాఫీ చిక్కగా తాగుతారు, ఆదివారం మధ్యాహ్నం మగవాళ్ళు కూడా వంట చేస్తారు. మీది వీధికి ఇవన్నీ వింతలు.

ఇంకొకటి కూడా ఉంది. గనుల ఊళ్ళో తెల్లటి మట్టి దిబ్బలు కొండల్లా ఉంటాయి. బంగారం తీసేశాక మిగిలిన పిండి అది. సైనైడ్ దిబ్బలు అంటారు వాటిని. వాటి పేరు చెప్పి మీది వీధివాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఒకే హాస్యం ఆడుతూ వచ్చారు. “కింది వీధిలో కాఫీ తాగితే ముందు బిడ్డలకి చెప్పి పోవాలప్పా, వాళ్ళు సైనైడు చెంబులోనే కాస్తారు” అనేవాళ్ళు. కింది వీధివాళ్ళు కూడా నవ్వి, “మీకు కాఫీ ఇచ్చేదే ఎక్కువ, సైనైడు ఎందుకు దండగ” అని జవాబిచ్చేవాళ్ళు. అదంతా నవ్వులాటగానే సాగింది.

పుష్పావతి మీది వీధి కోడలు. మొగుడు ఆదినారాయణప్పకు రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల గది, రెండు ఆవులు. ఊరి డైరీలో పాలు పరీక్ష చేసే పని ఆమెకు వచ్చింది కొంత చదువుకున్నందువల్ల, ఎక్కువగా ముక్కు వల్ల. మిషను పాలలో కొవ్వెంతో చెబుతుంది, నీళ్ళెన్నో చెబుతుంది. రాత్రి తోమని క్యాను సంగతి, వేపాకు మేసిన ఆవు సంగతి, పొదుగు వాపు మొదలవుతున్న సంగతి మిషను చెప్పదు. పుష్పావతి మూత తీసి, మూత లోపలి వైపు ఒక్కసారి వాసన చూసి చెప్పేసేది. “ఆవుని డాక్టరుకి చూపించత్తా, ఎడమ పక్క పొదుగు చూడమను” అనేది. వెళ్ళి చూపిస్తే నిజంగా ఎడమ పక్కే ఉండేది. ఆ ముక్కు మీద ఊరికి అంత నమ్మకం.

మొదటిరోజు మాత్రం ఆ నమ్మకం లేదు. కోడలు పిల్ల కూర్చుని మన పాలకు వంక పెట్టడమేమిటని మీది వీధి ఆడవాళ్ళే క్యాన్లు చంకన పెట్టుకుని నిలబడిపోయారు. అప్పుడు కింది వీధి నుంచి వచ్చిన చిన్నవెంకటమ్మ అందర్నీ దాటుకుని వచ్చి, తన క్యాను ఆమె ముందు పెట్టింది.

“చూడమ్మీ, నా పాలతో మొదలుపెట్టు. బాగలేకుంటే బాగలేదని చెప్పు. నాకేమీ బేజారు లేదు.”

పుష్పావతి మూత తీసి వాసన చూసి, “బాగుండాయత్తా” అంది.

“అంతేనా? నా పాలని మెచ్చుకునేదానికి నీ ముక్కు చాలదులే, మూరెడు కావాల” అని చిన్నవెంకటమ్మ నవ్వింది. వెనక వరుసంతా నవ్వింది. అలా మొదలైంది పని. పంతొమ్మిదేళ్ళు సాగింది. చిన్నవెంకటమ్మ మొగుడు గనుల్లో పనిచేసి, దగ్గుతో తిరిగి వచ్చి, రెండేళ్ళకే పోయాడు. ఒక ఆవు, ఒక గది ఇల్లు, ఆమె. రోజూ పొద్దున డైరీ దగ్గర పుష్పావతితో ఆడే నాలుగు మాటలే ఆమెకు ఆ రోజుకు మాటలు. ఆ సంగతి పుష్పావతికి తెలుసు. అందుకే వెనక ఎంత వరుస ఉన్నా ఆ నాలుగు మాటలూ ఆడనిచ్చేది.

ఈ తాలూకాలో ఊరూరా రెండు పక్షాలుంటాయి. జెండాలు మారినా, పేర్లు మారినా పక్షాలు రెండే. పార్టీ పేరు కూడా ఎవరూ పలకరు. ‘మనోళ్ళు’, ‘ఆ పక్కోళ్ళు’ అంటే చాలు. నల్లరాళ్ళపల్లిలో మీది వీధి ఒక పక్క, కింది వీధి ఒక పక్క. మొదట్లో ఎన్నికలు వచ్చినప్పుడు ఒక నెల ముఖాలు ముడుచుకుని, తర్వాత ఎవరిదో పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళు. పోనుపోను ఆ నెల పొడుగైంది. టీ అంగడి రెండైంది. బస్సు కోసం నిలబడే చోటు రెండైంది. ఊరి పేరుతో ఉన్న వాట్సాప్ గ్రూపు చీలి రెండైంది. ఆ ఏడాదికి డైరీ గుమ్మం ముందు కూడా రెండు వరుసలు వచ్చాయి. అంతకు ముందు ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. ఇప్పుడు మీది వీధి వరుస అయ్యాక కింది వీధి వరుస. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఒకరోజు చూస్తే అలా నిలబడి ఉన్నారు. పుష్పావతి కూడా ఏమీ అనలేదు.

ఓటింగుకు ఐదు రోజులుందనగా ఆదినారాయణప్ప ఇంట్లో లేడు. ప్రచారం జీపులో ఊళ్ళు తిరుగుతున్నాడు. మర్నాడు కొత్త పట్టుపురుగులు రావాలి. పురుగులు వచ్చే ముందు గదంతా బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో కడగాలి. గోడలు, తట్టలు, పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు ఏవీ వదలకుండా కడగాలి, లేకపోతే పురుగులకు రోగం. ప్రతిసారీ మొగుడే చేసే పని అది. ఆ సాయంత్రం పుష్పావతి చీర దోపుకుని, బకెట్లో పౌడరు పోసి కలుపుతుంటే జగదీష్ వచ్చాడు. పాల సంఘం ప్రెసిడెంటు అతనే. ఆదినారాయణప్పకు వరసకు తమ్ముడు.

“వదినా, ఫోన్లో వచ్చింది విన్నావా?”

“నేను ఫోను చూసేదానికి యాడ తీరింది జగదీషా. ఏమంట?”

అతను ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఎవరిదో మగ గొంతు. ఏదో తాలూకాలో ఎన్నికల ముందు పాల క్యాన్లలో మందు కలిపారని, ముప్పైమంది ఆస్పత్రిలో పడ్డారని, నింద డైరీ వాళ్ళ మీద పడిందని, అందరూ జాగ్రత్తగా ఉండాలని చెబుతోంది. ఏ తాలూకా అన్నది లేదు. ఎవరు మాట్లాడుతున్నారన్నదీ లేదు.

“నిజమా?” అంది పుష్పావతి.

“నిజమో అబద్ధమో మనకెందుకు. జరిగినాక తెలుసుకుని ఏమి చేస్తాము? డైరీ మన చేతిలో ఉండాదని ఆ పక్కోళ్ళకి కడుపుమంట. రేపటి నుంచి బాగా చూసి పోసుకో. మైన్సోళ్ళ ఇండ్లల్లో ఇంగా ఉండాదంట.”

“ఏముండాది?”

“సైనైడు.”

పుష్పావతి పకపకా నవ్వింది. “పో జగదీషా. చిన్నవెంకటత్త ఇంట్లో చక్కెర ఉండదు, సైనైడు యాడుంటాది?”

“నవ్వు. నువ్వు నవ్వుతావనే వాళ్ళ ధైర్యం” అని అతను వెళ్ళిపోయాడు.

తెల్లవారుజామున లేచి గదిని రెండోసారి కడిగింది. తట్టలు ఆరబెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుని, చీర మార్చుకుని డైరీకి వెళ్ళింది. దారిలో ఒక్కతే నడుస్తుంటే నిన్న సాయంత్రం విన్న గొంతు మళ్ళీ చెవిలో మోగింది. ముప్పైమంది. తన చేత్తో మూత తీసి, బాగుందని చెప్పి, పెద్ద క్యాన్లో పోసిన పాలు. అందరి పాలూ ఆ పెద్ద క్యాన్లోనే కలుస్తాయి. ఒకసారి కలిశాక ఏవి ఎవరివో దేవుడు కూడా చెప్పలేడు. నిన్న నవ్వు తెప్పించిన మాట ఇప్పుడు నవ్వు తెప్పించలేదు.

మొదటి క్యాను జగదీష్ తల్లి గురువమ్మది. మూత తీసి దగ్గరికి తెచ్చుకోగానే ముక్కు చుర్రుమంది. పుష్పావతి తల వెనక్కి తీసింది.

“ఏమ్మే?” అంది గురువమ్మ.

“ఏమీ లేదత్తా. క్యాను ఎక్కువ పౌడరేసి తోమినట్టుండావు.”

“తోమకుంటే తోమలేదంటావు, తోమితే ఎక్కువంటావు” అని గురువమ్మ సణిగింది. పాలు పెద్ద క్యాన్లోకి పోయాయి. రెండో క్యాను, మూడో క్యాను. నాలుగోదానికి ముక్కు అలవాటుపడింది, వాసన తెలియలేదు. మీది వీధి వరుస అయిపోయింది. పాల వ్యాను వచ్చిందేమోనని పుష్పావతి బయటికి వెళ్ళి, చలిగాలిలో కాసేపు నిలబడి, లోపలికి వచ్చి మళ్ళీ కూర్చుంది.

కింది వీధి వరుసలో మొదట ఉన్నది చిన్నవెంకటమ్మ.

“ఏమమ్మీ, ఈ పొద్దు మొగం మాడ్చుకోనుండావు? మొగుడు జీపెక్కి పోయినాడనా? పోనీలే, ఓట్లైనాక ఎవరూ జీపెక్కించుకోరు, ఆయనే వస్తాడు.”

రోజూ అయితే పుష్పావతి బదులు చెప్పేది. ఆ రోజు నేరుగా మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటుగా కొట్టింది వాసన.

“ఇదేమో మందు వాసన” అంది.

మెల్లగానే అంది. కాని గుమ్మం దగ్గర జగదీష్ నిలబడి ఉన్నాడు.

“ఏమి మందు వదినా? గనుల మందా?”

అక్కడ ఒక నిమిషం ఉంది. ‘కడిగిన వాసనేమోలే, మళ్ళీ చూస్తాను’ అనడానికి సరిపోయే నిమిషం. గురువమ్మకు అన్న మాటే చిన్నవెంకటమ్మకు అనడానికి సరిపోయే నిమిషం. పుష్పావతి జగదీష్ ముఖం చూసింది. అతని వెనక ఇంకా ఇళ్ళకు పోని మీది వీధివాళ్ళను చూసింది. ఎవరో అప్పటికే ఫోను ఎత్తి పట్టుకున్నారు.

“ఉండొచ్చు” అంది.

చిన్నవెంకటమ్మకు మొదట అర్థం కాలేదు. “యాడ, ఇట్లియ్యి” అని క్యాను తీసుకుని తానూ వాసన చూసింది. “పాల వాసనే కదమ్మీ. ఆవు నిన్న మేసిందే మేసింది.” ఎవరూ పలకకపోయేసరికి చెయ్యి క్యాన్లో ముంచి, దోసెడు పాలు తీసి నోటి దగ్గర పెట్టుకుంది. జగదీష్ ఒక్క అంగలో వచ్చి ఆమె చెయ్యి విదిలించి, క్యాను లాక్కుని కాలువలో వంపేశాడు.

“తాగి చచ్చి మా మీదికి తెస్తావా?”

కాలువ పొడుగునా పాలు పారుతుంటే ఆమె తడి చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది. జగదీష్‌ని కాదు, పుష్పావతినే చూస్తోంది. కింది వీధి వరుసలోంచి పురుషోత్తమ్ అనే అతను దూసుకొచ్చాడు. వాళ్ళ పక్షానికి పెద్ద అతనే. ఒకర్నొకరు తోసుకున్నారు, ఎవరి చొక్కానో చిరిగింది. కింది వీధివాళ్ళు ఒక్క చుక్క పొయ్యకుండా క్యాన్లు ఎత్తుకుని వెళ్ళిపోయారు. పరీక్షకు పంపుదామంటే చిన్నవెంకటమ్మ పాలు కాస్త కూడా మిగల్లేదు, అంతా కాలువలో పోయింది.

మధ్యాహ్నానికి ఆ వీడియో రెండు గ్రూపుల్లోనూ తిరిగింది. ఒకదానిలో ‘మన పిల్లలకు విషం’ అని. ఇంకొకదానిలో ‘ముసలామె మీద దౌర్జన్యం’ అని. సాయంత్రం పోలీసు జీపు వచ్చి ఊరి దారి చీలే మర్రిమాకుల క్రాసు దగ్గర నిలబడింది. ఓటింగు అయ్యేదాకా కదల్లేదు. ఎవరు గెలిచారన్నది ఈ కథకు పని లేదు. గెలిచినవాళ్ళు టపాకాయలు కాల్చారు, ఓడినవాళ్ళు తలుపులు వేసుకున్నారు. అటుదిటైనా అంతే జరిగేది.

కింది వీధివాళ్ళు డైరీకి రావడం మానేశారు. వాళ్ళ వీధి చివర పాత రేకుల షెడ్డులో పాలు పోయించుకోవడం మొదలుపెట్టారు. పురుషోత్తమ్ వాళ్ళ అన్న కూతురు రత్న అక్కడ కూర్చునేది. చిన్నవెంకటమ్మ కోసం కింది వీధంతా నిలబడిందని ఊరు అనుకుంది. నిజానికి ఆమె కోసం గలాటా చేసినవాళ్ళే ఆమె పాలు పోయించుకోలేదు. “నీ మేలుకే పెద్దమ్మా, ఇంగో నింద వస్తే నువ్వు తట్టుకోలేవు” అన్నాడు పురుషోత్తమ్. ఇంట్లో ఆడవాళ్ళతో మాత్రం, “ఏమో, ఎవరికి తెలుసు” అన్నాడు. ఆ మాట పుష్పావతి దాకా వచ్చింది. ఊరు రెండైనా మాటలు అటూ ఇటూ వస్తూనే ఉన్నాయి. చిన్నవెంకటమ్మ రోజూ దూడ తాగినంత విడిచి, మిగిలిన పాలు పిండి పారబోస్తోందని కూడా వచ్చింది.

పుష్పావతిని మీది వీధి ఆకాశానికెత్తింది. ఊరిని కాపాడిన ముక్కు అన్నారు. గురువమ్మ ఆమె ఇంటికి చక్కిలాలు పంపింది. పుష్పావతి తిన్నది కూడా.

ఇరవై ఎనిమిది రోజులకు పట్టుపురుగులు గూళ్ళు కట్టాయి. పట్టుకాయ మార్కెట్టుకు పోయింది. మళ్ళీ కొత్త పురుగుల కోసం గది కడగాలి. ఆదినారాయణప్ప గెలుపు ఊరేగింపులో భుజం బెణకించుకుని వచ్చాడు, చెయ్యి లేవడం లేదు. మళ్ళీ పుష్పావతే కడిగింది. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. సబ్బుతో చేతులు కడుక్కుని డైరీకి వెళ్ళింది.

గురువమ్మ క్యాను మూత తీసింది. ముక్కు చుర్రుమంది.

పక్క క్యాను తీసింది. అదే వాసన. ఆ పక్కది తీసింది. అదే. అందరూ మీది వీధివాళ్ళే. కింది వీధి మనిషి చూద్దామన్నా లేరు. పుష్పావతి మూత కింద పెట్టింది. ఖాళీ చేతులను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. గోళ్ళ సందుల్లో, గాజుల కింద ఉంది వాసన. ఏ క్యానుదీ కాదు.

అప్పుడు ఓటింగుకు ముందటి ఆ పొద్దు గుర్తొచ్చింది. గురువమ్మ క్యాన్లోనూ ఈ వాసనే వచ్చింది. వచ్చిందని తనకు తెలుసు. తోమిన వాసన అని తనే అంది. ఒకే వాసన, ఒకే పొద్దున, పావుగంట తేడా. మొదటి క్యాను మూత మీద అది శుభ్రం, రెండో వరుస మూత మీద అది విషం. ముక్కు తప్పు చెప్పలేదు. ముక్కు చెప్పినదాన్ని తను ఎవరిదని చూసి విన్నది.

“ఏమ్మే, పొయ్యకుండా కూర్చుండావు? మొగం అట్లయిపోయింది?” అంది గురువమ్మ.

“ఏమీ లేదత్తా.”

ఆ రోజు పాలన్నీ పోసుకుని ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. ఆదినారాయణప్ప భుజానికి నూనె పట్టించుకుంటున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

“ఎవరికైనా చెప్పినావా?”

“లేదు. నీకే.”

“ఇంగెవరికీ చెప్పొద్దు. అయిపోయింది. మళ్ళీ తవ్వితే ఏమొస్తాది?”

“ఆమె పాలు ఎవరూ తీసుకోవడం లేదంట. పారబోస్తా ఉందంట.”

“ఆ పక్కోళ్ళ సంగతి ఆ పక్కోళ్ళు చూసుకుంటారు. రేపు మన తోటకి నీళ్ళు కావాలన్నా, మన ఇంట్లో ఎవరికైనా బాగలేకున్నా వచ్చేది మన వీధోళ్ళే. నువ్వు నోరు తెరిస్తే నేను ఈ వీధిలో తలెత్తుకుని నడవాలా వద్దా?”

కోపంగా అన్న మాట కాదు. భయపడి అన్నాడు. ఆమెకు అది తెలిసింది. అందుకే ఆ పూటకు ఆ మాట వదిలేసింది.

మూడు రోజులు ఆగి జగదీష్‌కి చెప్పింది. అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. తలుపు దగ్గరగా వేసి నెమ్మదిగా మాట్లాడాడు.

“నీ చెయ్యే కావచ్చు వదినా. నేను కాదనను. అయితే ఒకటి చెప్పు. ఆ పొద్దు వాళ్ళు కలపలేదు, సరే. ఎన్నటికీ కలపరని నీకు తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. అందుకే ఇది ఇట్లే ఉండనీ. జాగ్రత్తగా ఉంటే పోయేదేముండాది?”

“ఆమె పేరు పోయింది జగదీషా.”

“ఒకామె పేరు” అన్నాడు అతను.

ఆ మాటతో ఆమె లేచి వచ్చేసింది. మర్నాడు పొద్దెక్కాక కింది వీధికి వెళ్ళింది. నెలకు పైగా అయింది ఆ వీధిలో అడుగుపెట్టి. గడపల మీద కూర్చున్నవాళ్ళు మాటలు ఆపారు. చిన్నవెంకటమ్మ దూడను కట్టేస్తోంది. చూసి కూడా చూడనట్టే ముడి బిగించింది. పుష్పావతి గుమ్మం బయటే నిలబడి, అంతా చెప్పింది. బ్లీచింగ్ సంగతి, గురువమ్మ క్యాను సంగతి, ‘ఉండొచ్చు’ అన్న సంగతి.

చిన్నవెంకటమ్మ అంతా విని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నాకెందుకు చెప్తావమ్మీ? నేను కలపలేదని నాకు తెలీదా?”

“నన్ను తిట్టత్తా.”

“తిడితే నీకు హాయిగా ఉంటాది, ఇంటికి పోయి నిద్రపోతావు. నేను తిట్టను.” గొంతు తగ్గించింది. “కోరమండల్లో మా లైన్లో పదారు ఇండ్లు ఉన్నె. అరవోళ్ళు, మనోళ్ళు, కన్నడోళ్ళు. ఒక ఇంట్లో చెంబుడు పాలు మిగిలితే తెల్లారేలోపల నాలుగిండ్లు తిరిగేది. ఇప్పుడు చూడు, నా పాలు నా దూడకి కూడా ఎక్కువైనాయి. చెప్పేటట్టుంటే, ఆ మాట ఊరి ముందర చెప్పినావే, ఈ మాటా ఊరి ముందరే చెప్పు. లేకుంటే పో.”

మర్నాడు పొద్దున పుష్పావతి డైరీలో కూర్చోలేదు. గుమ్మం ముందు నిలబడింది. వరుస పూర్తిగా చేరేదాకా ఆగి చెప్పింది. మాట్లాడటం అలవాటు లేని మనిషి. కడిగింది నేను, వాసన నా చేతిది, చిన్నవెంకటత్త పాలలో ఏమీ లేదు, నేను తప్పు చెప్పినాను. అంతే.

గురువమ్మ, “కింది వీధోళ్ళు ఏమి పెట్టినారు నీకు?” అంది. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఏమీ పెట్టకుండా ఒక మనిషి తన వీధికి ఎదురుగా ఇలా ఎందుకు మాట్లాడుతుందో ఆమెకు తోచలేదు. వెనక ఎవరో, “అంత ముక్కుండి సొంత చెయ్యి తెలీలేదంట” అన్నారు. రెండు మూడు నవ్వులు వినిపించాయి. జగదీష్ తలుపు తీసి తనే మిషను ముందు కూర్చున్నాడు. వరుస ఆమె పక్కనుంచి కదిలింది.

అక్కడినుంచి ఆమె కింది వీధి షెడ్డుకు నడిచింది. ఆ మాటలే అక్కడా చెప్పింది. పురుషోత్తమ్ ముఖం వెలిగింది. ఫోను తీశాడు.

“ఇంగోసారి చెప్పు పుష్పక్కా, ఇట్ల తిరిగి. జగదీష్ చెప్పమంటే చెప్పినానని చెప్పు. ఆ ఒక్క మాట చాలు. మిగతాది మేము చూసుకుంటాము.”

“జగదీష్ చెప్పమన్లేదు. నేనే చెప్పినాను.”

“భయపడొద్దు. మేముండాము.”

“భయం కాదప్పా. ఆ పొద్దు భయపడే అట్ల చెప్పినాను. ఈ పొద్దు అట్ల లేదు. జగదీష్ పాలు పారబోసినాడు, అది తప్పే. వాసన మాట నాది.”

పురుషోత్తమ్ ఫోను దించాడు. “అయితే ఎందుకొచ్చినావు?” అన్నాడు. అతని గొంతులో నిజమైన విసుగు ఉంది.

ఆమె చిన్నవెంకటమ్మ వైపు చెయ్యి చూపించింది. చిన్నవెంకటమ్మ వరుసలో లేదు. షెడ్డు పక్కన గోడకు ఆనుకుని, క్యాను కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు క్యాను ఎత్తుకుని మెల్లగా నడిచి వచ్చి, రత్న ముందు పెట్టింది. రత్న పురుషోత్తమ్‌ని చూసింది. వీధంతా అతన్నే చూసింది. అతను నేల చూస్తూ, “పోసుకో” అన్నాడు.

రత్న మూత తీసింది. వాసన చూడలేదు. ఊరికే పాలు పోసుకుంది.

ఖాళీ క్యాను పట్టుకుని తిరిగి వెళ్తూ చిన్నవెంకటమ్మ పుష్పావతి దగ్గర ఆగింది. ఏదో పాత మాట, ఒక చిన్న హాస్యం వస్తుందని పుష్పావతి ఎదురుచూసింది.

“పో అమ్మీ. ఇంగ ఈ పక్కకి రావద్దు. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. వీళ్ళతో నేను బతకాల.”

మీది వీధి చివర దాకా ఒక్కతే నడిచింది పుష్పావతి. పొద్దున్నే అరుగుల మీద కూర్చునే ఆడవాళ్ళు ఆమె వస్తుంటే లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు. ఇంటి దగ్గర ఆదినారాయణప్ప అప్పటికే విన్నాడు. ఆ రోజు నుంచి డైరీకి పాలు అతనే తీసుకుపోతున్నాడు. ఇంట్లో అవసరమైన మాటలే మాట్లాడతాడు. ఆవుకు నీళ్ళు పెట్టినావా, మందు వేసుకున్నాను, రేపు ఆకు కోయాల. తోటలో పనికి పిలిస్తే వచ్చే ఆడవాళ్ళు ఆమె పిలిస్తే రారు, అతను పిలిస్తే వస్తారు.

ఊళ్ళో ఇప్పటికీ రెండు డైరీలున్నాయి. మీది వీధి డైరీలో మిషను ఉంది, వాసన చూసేవాళ్ళు లేరు. పోయిన వానాకాలం రెండుసార్లు పాలు విరిగి వెనక్కి వచ్చాయి. రెండుసార్లూ అది ఆ పక్కోళ్ళ పనేనని అనుకున్నారు. చిన్నవెంకటమ్మ ఆవు ఇంకో దూడను వేసింది. ఆమె పాలు రోజూ కింది వీధి షెడ్డులో పోస్తోంది. బస్సు దగ్గర ఇద్దరూ ఎదురైతే చిన్నవెంకటమ్మ తన వాళ్ళు నిలబడే చోట నిలబడుతుంది. పుష్పావతి రెండు చోట్లా నిలబడదు. కొంచెం ముందుకు నడిచి, రోడ్డు మలుపు దగ్గర చెయ్యి ఎత్తితే కండక్టరు ఆపుతాడు.

పుష్పావతికి ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. మామిడి కాలం మూడు నెలలు శ్రీనివాసపురం మండీలో కాయలు ఏరే పనికి వెళ్తుంది. పొద్దున ఆరున్నర బస్సుకు పోయి, సాయంత్రం ఆరింటి బస్సుకు తిరిగి వస్తుంది.